బీపీ మాత్ర ఎందుకు మానేశారు: మలావీలో సేవకు వెళ్లిన ఒక పెద్ద వయసు జంట కేసు

ఇద్దరి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు, సొంతూరు, పంపిన సంస్థ వివరాలు ఇవ్వట్లేదు. గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు విషయాలు మార్చాను. నేను జనరల్ ఫిజిషియన్‌ని. మిషన్ సేవకు విదేశాలకు వెళ్లే వాళ్లను ప్రయాణానికి ముందు పరీక్షించడం, వెళ్లాక ఫోన్లో, వీడియో కాల్లో వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండడం కొన్నేళ్లుగా నా పనిలో భాగం. ఈ మధ్య రిటైరయ్యాక, పిల్లల పెళ్లిళ్లు అయ్యాక, "ఇప్పుడైనా దేవుని పనికి వెళ్దాం" అని బయల్దేరే దంపతులు నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. వాళ్ల విశ్వాసం మీద నాకు చాలా గౌరవం. అరవై దాటాక ఇల్లు తాళం వేసి ఖండం దాటి వెళ్లడానికి ఎంత గుండె కావాలో రోజూ చూస్తున్నదాన్ని. అందుకే వాళ్లను పంపే తీరు గురించి గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

ఆయనకు 66 ఏళ్లు, బ్యాంకు ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆవిడకు 63, అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. కోస్తా జిల్లా వాళ్లు. కూతురు హైదరాబాద్‌లో, కొడుకు బెంగళూరులో. ఆఫ్రికాలోని మలావీ రాజధాని లిలాంగ్వే శివార్లలో పాస్టర్లకు శిక్షణ ఇచ్చే చిన్న బైబిల్ స్కూలుకి రెండేళ్లకు వెళ్లారు. ఆయన స్కూలు లెక్కలు గాడిన పెట్టాలి, ఆఫీసు చూడాలి, వారానికి రెండు క్లాసులు చెప్పాలి. ఆవిడ ఏం చేయాలి? నియామక పత్రం నేను చదివాను. ఆయన పని గురించి పేజీన్నర ఉంది. ఆవిడ గురించి "భార్యతో కలిసి వస్తారు" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు.

ప్రయాణానికి ముందు ఆయనకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, మూడు నెలల సగటు 7.1. ఆవిడకు బీపీ. టెల్మిసార్టాన్ 40, మూత్రం ఎక్కువ చేసే హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర మీద 132/80 దగ్గర నిలకడగా ఉంది. రెండు మోకాళ్లూ అరిగాయి. కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి, కానీ ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్ కాబట్టి రోజువారీ ఇబ్బంది లేదు.

ట్రావెల్ ఏజెంటు "ఆఫ్రికా అంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పదు" అని ఇద్దరినీ హడావిడి పెట్టాడు. ఈ మాట చాలామంది నమ్ముతారు కాబట్టి వివరంగా చెప్తాను. మలావీ ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశం కాదు. ముప్పున్న దేశం నుంచి వచ్చేవాళ్లను, లేదా అలాంటి దేశపు ఎయిర్‌పోర్టులో 12 గంటలు దాటి ఆగినవాళ్లను మాత్రమే సర్టిఫికెట్ అడుగుతారు. వీళ్లు ముంబై నుంచి ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా వెళ్తున్నారు, అది ముప్పున్న దేశమే, కానీ అక్కడ ఆగేది కొన్ని గంటలే. అరవై దాటిన వాళ్లలో ఈ టీకాతో అరుదుగానైనా తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం చిన్నవాళ్లకంటే ఎక్కువ. అవసరం లేనప్పుడు ఎందుకు వేయాలి? వద్దన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా అడిస్‌లో ఎయిర్‌పోర్టు బయటికి అడుగు పెట్టకపోతే మన దగ్గర ఇబ్బంది ఉండదని చెప్పాను.

మలేరియా సంగతి దీనికి పూర్తిగా వేరు. "మనకు మలేరియా కొత్తా డాక్టరు గారూ, చిన్నప్పుడు ఎన్నిసార్లు రాలేదు" అన్నారు ఆయన. మన దగ్గర చిన్నప్పుడు వచ్చినవాటిలో చాలావరకు వైవాక్స్ రకం. మలావీలో దాదాపు అంతా ఫాల్సిపేరమ్ రకం, దానికి క్లోరోక్విన్‌ను నమ్ముకోలేం, ఆలస్యం చేస్తే రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడో వచ్చిన వైవాక్స్ ఇప్పుడు ఏ రక్షణా ఇవ్వదు. మలేరియా రాకుండా ఇద్దరికీ రోజూ డాక్సీసైక్లిన్ రాశాను, దోమతెర తప్పనిసరి అన్నాను, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోమన్నాను.

2023 మే చివర్లో దిగారు. ఆఫ్రికా కదా అని సూట్‌కేసు నిండా కాటన్ బట్టలే. లిలాంగ్వే సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది, జూన్, జూలై అక్కడ చలికాలం, రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. మొదటి వారాలు దుప్పట్లు కొనడంతోనే సరిపోయింది. తిండికి పెద్ద కష్టం లేదు. అక్కడి న్సిమా తెల్ల మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, రాగిసంకటి తిని పెరిగినవాళ్లకు వింతేమీ కాదు. కందిపప్పు కూడా దొరుకుతుంది. మలావీలో కందులు బాగా పండుతాయి, మన దేశం అక్కడినుంచి ఏటా 50 వేల టన్నులు కొనుక్కోవడానికి 2021లో ఒప్పందం చేసుకుంది. మన పప్పుకి ఆ పప్పుకి తేడా లేదని ఆవిడ ఫోన్లో సంబరపడ్డారు. ఆవిడ గొంతులో ఆ సంబరం తర్వాత చాలాకాలం వినబడలేదు.

ఆగస్టులో ఆయన ఫోన్ చేశారు. ఆవిడకు బీపీ 168/96, ఇంకోరోజు 174/100. తలనొప్పి, నిద్ర లేదు, ఛాతీ కింద మంట. "ఊరగాయ జాడీ తెచ్చుకుంది డాక్టరు గారూ, ఉప్పు మానదు." అక్కడి క్లినిక్‌లో ఈసీజీ తీశారు, బాగానే ఉంది. మాత్ర డోసు పెంచారు. తగ్గలేదు. ఈలోపు పంపిన సంస్థలో ఒక మాట మొదలైంది: ఆవిడ ఒంటికి పడట్లేదు, ఇండియా వచ్చేస్తే ఆయన పని ఆయన చేసుకుంటారు.

అప్పటిదాకా జరిగిన ప్రతి కాల్లో మాట్లాడింది ఆయనే. ఆవిడ పక్కన కూర్చుని తల ఊపేవారు. దీన్ని ఆయన దురుసుతనం అనుకోవద్దు, మన ఇళ్లలో అలవాటు. డాక్టరు అడిగిన దానికి భర్త జవాబు చెప్తాడు, భార్య అవునంటుంది. ఈసారి ఆయన్ను బయట కాసేపు నడిచి రమ్మని, ఆవిడతో విడిగా మాట్లాడతానని చెప్పాను. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగితే ఎవరైనా వేసుకుంటున్నామనే అంటారు. అందుకే నిన్న ఎన్ని గంటలకు వేసుకున్నారు, మొన్న ఎన్నింటికి, ఆదివారం ఎన్నింటికి, ఇలా వెనక్కి వెళ్తూ అడిగాను. ఆదివారం దగ్గర ఆగిపోయారు.

"ఆదివారం వేసుకోనమ్మా. బుధవారం, శనివారం కూడా వేసుకోను."

ఆ మూడు రోజులూ పల్లె సంఘాలకు వెళ్లే రోజులు. ఆరాధన మూడు నాలుగు గంటలు నడుస్తుంది. ఆ మాత్ర వేసుకుంటే గంటకోసారి బాత్రూముకి వెళ్లాలి. "అక్కడ గుంట దొడ్లమ్మా. కూర్చుంటే లేవలేను. ఒకసారి గోడ పట్టుకుని లేస్తుంటే మట్టి గోడ పెళ్లగిలి చేతికొచ్చింది. ఎవర్ని పిలవను? భాష రాదాయె. ఆయనేమో మగాళ్ల వైపు ఉంటారు." అప్పటినుంచి ఆ రోజుల్లో మాత్ర మానేశారు. ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు కూడా తగ్గించేశారు. డాక్సీసైక్లిన్ మాత్రం భయం కొద్దీ మానలేదు, కానీ గుక్కెడు నీళ్లతో మింగేసి వెంటనే పడుకునేవారు. ఆ మాత్ర అలా వేసుకుంటే అన్నవాహికలో అతుక్కుని పుండు పడుతుంది. ఛాతీ కింద మంట అదే. తలనొప్పి, బీపీ, మంట అన్నీ ఆ గుంట దొడ్డి దగ్గరికే వచ్చి ఆగాయి.

ఇంకో మాట కూడా చెప్పారు, అడక్కుండానే. "నేనిక్కడ ఎందుకున్నానో నాకు తెలీట్లేదమ్మా."

ఇల్లు ఊళ్లో కాస్త మంచి ఏరియాలో, ఎత్తు ప్రహరీ, పైన కరెంటు తీగ, గేటు దగ్గర కాపలా మనిషి. భద్రత కోసమని స్కూలు వాళ్లే చూసిపెట్టారు. ఆయన పొద్దున ఏడున్నరకు వెళ్తే సాయంత్రం ఐదింటికి వస్తారు. ఆవిడకు కారు నడపడం రాదు, మినీబస్సు ఎక్కాలంటే భయం, కరెంటు పోతే టీవీ కూడా లేదు. అక్కడి భాష చిచేవా నేర్పడానికి మాస్టారు వస్తాడు, స్కూలు ఆఫీసుకి వస్తాడు, ఆయనకే నేర్పుతాడు. ముప్పై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగి, అంగన్‌వాడీలు తనిఖీ చేసి, డ్వాక్రా సంఘాల గొడవలు తీర్చిన మనిషి, ఒక ప్రహరీ లోపల కూర్చుని గేటు చప్పుడు కోసం చూస్తున్నారు. నిద్ర పట్టకపోవడానికి ఏ మందు రాస్తాం?

వైద్యం వైపు చేసింది చిన్నదే. మూత్రం ఎక్కువ చేసే భాగం లేకుండా, టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన మాత్రకు మార్చాను. మనదేశపు మందులు లిలాంగ్వే ఫార్మసీల్లో బాగానే దొరుకుతాయి, వెతుక్కోవాల్సిన పని పడలేదు. కాళ్ల వాపు వస్తే చెప్పమన్నాను. రక్తంలో సోడియం, కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్షలు చేయించాం, బాగానే ఉన్నాయి. డాక్సీసైక్లిన్ భోజనం అయ్యాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోవద్దన్నాను. ఆరు వారాల్లో బీపీ 134/82కి వచ్చింది, మంట అంతకంటే ముందే పోయింది.

దొడ్డి సంగతి స్కూలు వడ్రంగి తేల్చాడు. కుర్చీ ఎత్తులో మొద్దు కాళ్ల స్టూలు, మధ్యలో గుండ్రంగా కన్నం, రెండు పక్కలా పట్టుకోవడానికి కర్రలు. గుంట మీద పెట్టుకుంటే సరి. కారు డిక్కీలో పడుతుంది. ఆవిడ దాన్ని మొదటిసారి ఒక పల్లెకి తీసుకెళ్లిన రోజు, అక్కడి ముసలమ్మలు చుట్టూ చేరి ఒక్కొక్కరూ కూర్చుని చూశారట, వాళ్లవీ అరిగిన మోకాళ్లే, చెప్పుకోలేదంతే. ఆ సంఘం వాళ్లు తమ కోసం ఇంకోటి చేయించుకున్నారు.

మందు మార్చడం, స్టూలు చేయించడం తేలికే. ఆవిడకు పని చూపించడం దగ్గరే నేను పంపిన సంస్థతో వాదించాల్సి వచ్చింది. కమిటీలో ఒక పెద్దమనిషి, "అమ్మగారు ప్రార్థన చేసుకుంటూ, అయ్యగారిని చూసుకుంటే చాలు, అదే గొప్ప సేవ" అన్నారు. ప్రార్థన గొప్పదే, నేనూ నమ్ముతాను. కానీ ఆయన్ని కూడా ప్రార్థన చేసుకుంటూ ఇంట్లో కూర్చోమంటే రెండు నెలలు ఉండగలరా? ఇద్దరు మనుషులను పంపి ఒకరికే పని ఇస్తే, రెండో మనిషి ఒంట్లోనో మనసులోనో ఆ ఖాళీ రోగమై బయటపడుతుంది. ఆవిడ విషయంలో బీపీగా బయటపడింది. ఇంకో జంటలో ఎడతెగని నడుంనొప్పిగా చూశాను, ఒకచోట భార్యాభర్తలు మాట్లాడుకోవడమే మానేశారు. ప్రతిసారీ ఇంటికి పంపేయాలన్న మాట వచ్చేది ఆ రెండో మనిషి గురించే.

ఇంకో సంగతి కూడా కమిటీకి గుర్తు చేశాను. మలావీకి సువార్త కొత్త కాదు. స్కాట్లాండ్ వాళ్లు లివింగ్‌స్టోనియా మిషన్ పెట్టింది 1875లో. 2018 జనాభా లెక్కల్లో నూటికి 77 మంది క్రైస్తవులు. అక్కడి విశ్వాసులు తాతల నాటి నుంచి చర్చికి వెళ్తున్నవాళ్లు, పాటలు, ప్రార్థన వాళ్ల దగ్గరే మనం నేర్చుకోవచ్చు. వాళ్లు అడిగేది చేతనైన మనుషులను. లెక్కలు తెలిసిన మనిషిని అడిగారు, పంపాం. ఆడవాళ్ల సంఘాలు నడపడం తెలిసిన మనిషి అదే ఇంట్లో ఖాళీగా కూర్చుంది, ఎవరూ చూడలేదు.

సెప్టెంబరు నుంచి మూడు మార్పులు జరిగాయి. చిచేవా మాస్టారు ఆవిడకు కూడా, ఆయనతో కలిపి కాకుండా విడిగా, పాఠం మొదలుపెట్టాడు. ఇల్లు స్కూలు ఆవరణ పక్కన ఉన్న పాత క్వార్టర్స్‌కి మార్చారు, ఇల్లు చిన్నదే, కానీ వాకిట్లో మనుషులు తిరుగుతుంటారు, గేటు తీయమని ఎవర్నీ అడగక్కర్లేదు. ఇక స్థానిక సంఘం స్త్రీల నాయకురాళ్లు ఆవిడను తమ పొదుపు గుంపుల్లోకి రమ్మని పిలిచారు. ఈ మూడోది ఎవరూ ప్లాన్ చేయలేదు. ఆవిడ సగం చిచేవా, సగం ఇంగ్లీషులో డ్వాక్రా గురించి చెప్పుకుంటూ పోతే వాళ్లకు ఆసక్తి కలిగింది.

అక్కడ ఊరూరా పొదుపు గుంపులు ఉంటాయి, బ్యాంక్ ఖొండే అంటారు. వారం వారం వాటాలు కొంటారు, డబ్బు పెట్టెలో పెడతారు, పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళం చెవులు ముగ్గురి దగ్గర. లోపలి డబ్బు వడ్డీకి తిప్పుకుంటారు, ఏడాది చివర అంతా పంచేసుకుంటారు. ఆవిడకు మొదట ఈ పంచుకోవడం అస్సలు నచ్చలేదు. మన దగ్గర సారా ఉద్యమం తర్వాత పెరిగిన సంఘాల్లో పొదుపు పంచేసుకోకుండా కూడబెట్టి, దాని బలం మీద బ్యాంకు లోను తెచ్చుకోవడం నేర్పినావిడ. ఏడాదికేడాది పెట్టె ఖాళీ చేస్తే సంఘం ఎప్పుడు ఎదుగుతుంది అని గట్టిగానే అన్నారట. ఆ ఆడవాళ్లు ఓపిగ్గా చెప్పారు: వానలు మొదలయ్యేది నవంబరులో, అప్పుడే ఎరువు కొనాలి, జనవరి నుంచి మార్చి దాకా ఇంట్లో గింజ ఉండదు, పెట్టె పగలగొట్టకపోతే పిల్లలకు ఏం పెడతాం? ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడుతూ, "వాళ్లదే కరెక్టమ్మా, నాకు వాళ్ల పంటకాలం తెలీదు కదా" అన్నారు. ఆ తర్వాత పంపకం జోలికి పోలేదు. పుస్తకాలు రాయడం నేర్పారు, ఎవరు ఎంత తీసుకున్నారో అందరి ముందూ చదివి వినిపించే అలవాటు చేశారు. చదువు రానివాళ్లకు గుర్తులతో లెక్క రాయడం అంగన్‌వాడీ రోజుల్లో చేసినట్టే చేశారు. ఆ పల్లెల్లో ఆవిడ ఇప్పుడు అమ్మమ్మ, అగోగో అని పిలుస్తారు. నిద్ర గురించి నాకు మళ్లీ ఫిర్యాదు రాలేదు.

ఆయన మనసు కూడా బాగా కష్టపడింది. మాత్ర మానేసిన సంగతి తెలిసినప్పుడు, "ఇన్నేళ్ల కాపురంలో నాకో మాట చెప్పొచ్చుగా" అన్నారు, గొంతు పూడుకుపోయింది. దాని గురించి ఇద్దరితో కలిపి కొన్నిసార్లు మాట్లాడాను. ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇండియాలో ఉన్నప్పుడు రోజుకి మూడు గంటలు కూడా ఎదురెదురుగా కూర్చోలేదు, చుట్టూ చుట్టాలు, సంఘం, మనవళ్లు. అక్కడికి వెళ్లాక సాయంత్రం ఐదు నుంచి ఇద్దరే. మాట్లాడుకోవడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఆఫీసులో ఆయనకూ ఇబ్బందే. పొద్దున్నే లోపలికి వస్తూనే "నిన్నటి ఓచర్లు ఏవి" అని అడిగేవారు. అక్కడ ముందు ఎలా నిద్ర లేచారు, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అని ఒకరినొకరు తీరిగ్గా అడిగాక గానీ పని మాట ఎత్తరు. సార్‌కి మా మీద కోపం అనుకున్నారు స్టాఫ్. పలకరింపులు ఆయనకు ఇంట్లో ఆవిడే నేర్పారు, అప్పటికి భాష ఆవిడకే బాగా వచ్చింది.

డబ్బు, కాగితాల విషయంలో పెద్దవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు ఉన్నాయి, సంస్థలు వీటిని ముందే చెప్పాలి. బ్యాంకు పెన్షనుకి నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఆయన దాన్ని లిలాంగ్వేలోని మన హైకమిషన్ ద్వారా పూర్తిచేశారు. ఇండియా సిమ్‌కి రీచార్జి అయిపోయి ఓటీపీ రాక ఒక నెల ఖాతా ముట్టుకోలేకపోయారు, పెద్ద టెన్షన్. అదే నవంబరు 2023లో అక్కడి కరెన్సీ క్వాచా విలువను ఒక్కసారిగా తగ్గించారు, క్వాచాల్లో డాలరు ధర 44 శాతం పెరిగింది. చేతిలో రూపాయిలున్నా, నూనె, డీజిల్ ధరలు ఎగిరాయి, చుట్టూ ఉన్నవాళ్ల కష్టం చూస్తూ తాము మామూలుగా తినడం ఆ ఇద్దరికీ మింగుడుపడలేదు. ఇక్కడి ఆరోగ్య బీమా చాలావరకు విదేశంలో పనికిరాదు, పెద్ద జబ్బు చేస్తే అక్కడినుంచి దక్షిణాఫ్రికాకో ఇండియాకో తరలించాలి, ఆ ఖర్చు ఎవరిదో బయల్దేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

2024 ఫిబ్రవరిలో కూతురికి రెండో కాన్పు. సంస్థ నియమం ప్రకారం మొదటి ఏడాది సెలవు లేదు. ఒకసారి వస్తే ఆవిడ తిరిగి వెళ్లరని కమిటీలో చాలామంది అనుకున్నారు. నేను పంపమనే రాశాను. కూతురి కాన్పుకి వెళ్లలేకపోయిన బాధతో అక్కడ మిగతా కాలం గడపడం కంటే ఆరు వారాలు వచ్చి వెళ్లడం మేలు అని. వచ్చారు. ఇక్కడ పదో రోజున జ్వరం వస్తే పక్క క్లినిక్‌లో వైరల్ అన్నారు. "నేను మలావీ నుంచి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి" అని పట్టుబట్టి చేయించుకున్నారు. నెగెటివ్, నిజంగా వైరలే. కానీ అడగాల్సిన మాట అదే, తిరిగొచ్చిన మూడు నెలల్లోపు ఏ జ్వరానికైనా. ఆరు వారాలు పూర్తవగానే బాలింత పత్యం సంగతులన్నీ వియ్యపురాలికి అప్పజెప్పి విమానం ఎక్కారు. మార్చి కరువు నెల, ఆ ఏడాది వానలు సరిగ్గా పడక మలావీ ప్రభుత్వం విపత్తు ప్రకటించింది కూడా. అలాంటప్పుడు ఆ ఆడవాళ్ల దగ్గర లేకపోతే ఎలా అన్నదే ఆవిడ ధ్యాస.

ఈ కేసు తర్వాత నా దగ్గరికి వచ్చే జంటలకు పరీక్షలు విడివిడిగానే చేస్తున్నాను, వెళ్లాక కాల్స్ కూడా విడివిడిగానే. మోకాళ్ల ఎక్స్‌రేతో పాటు "మీరు వెళ్లే చోట టాయిలెట్ ఎలాంటిది" అన్న ప్రశ్న ఫారంలో చేరింది. ఆ సంస్థ ఇద్దరికీ రెండు నియామక పత్రాలు ఇవ్వడానికి ఒప్పుకుంది, రెండో పత్రంలో పని రాయకపోతే నేను ఫిట్‌నెస్ సంతకం పెట్టనని చెప్పాను.

2025 మేలో గడువు అయిపోయింది. ఇద్దరూ ఇంకో ఏడాది అడిగారు. ఆయన కంటి రెటీనా పరీక్ష చేయించుకోవాలి, ఆవిడ ఎముకల డాక్టర్ని కలవాలి అన్న షరతు మీద ఒప్పుకున్నాను. ఆయన చేయించుకున్నారు, బాగానే ఉంది. ఆవిడకు ఆపరేషన్ మంచిదన్నారు. ఎరువుల డబ్బు పంపకాలు అయ్యాక వచ్చి చేయించుకుంటానంటున్నారు.